రాస్ ద్వీపం – నార్త్ బే: ఒక పడవ ప్రయాణం, రెండు చరిత్రలు

వ్యాససంగ్రహం:
అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీవిజయపురం) నుండి పర్యాటకులు సాధారణంగా ఒకే రోజున, ఒకే పడవ ప్రయాణంలో రాస్ ద్వీపాన్నీ, నార్త్ బే తీరాన్నీ చూసి వస్తారు. మొదటిది వలసపాలన నాటి శిథిలాలకు, రెండవది స్నార్కెలింగుకు పేరుపొందినవి. ఒకటి చరిత్ర, మరొకటి వినోదం అన్న విభజన ఈ యాత్రలో స్థిరపడిపోయింది. నీటి అడుగున ఉన్న పగడపు దిబ్బ కూడా కాలాన్ని నమోదు చేసుకున్న చారిత్రక ఆధారమేనని, దానిని అలా గుర్తించినప్పుడే సందర్శకుని ప్రవర్తనలో మార్పు వస్తుందని ఈ వ్యాసం వివరిస్తుంది. ద్వీప చరిత్ర, తెలుగువారికి ఆ దీవులతో గల సంబంధం, 'పగడం' అన్న పదం వల్ల కలిగే అర్థసందిగ్ధత, దిబ్బ నిర్మాణం, దానికి గల ముప్పులు ఇందులో చర్చకు వస్తాయి.

కీలక పదాలు: అండమాన్, రాస్ ద్వీపం, నార్త్ బే, పగడపు దిబ్బ, స్నార్కెలింగ్, మోటుపల్లి శాసనం, పర్యాటకం.

1. ప్రవేశిక:
ఒక స్థలాన్ని చూడడానికి కన్ను ఒక్కటే చాలదు. ఏం చూస్తున్నామో చెప్పగల మాట, అది ఎలా ఏర్పడిందో తెలిపే జ్ఞానం కూడా కావాలి. కోటను చూసేవారికి శాసనం, స్థలపురాణం, మార్గదర్శి మాట ఆ పని చేస్తాయి. సముద్రగర్భాన్ని చూసేవారికి అటువంటి సహాయం దాదాపు లేదు. నీటిలోకి దిగి పావుగంటో అరగంటో రంగుల చేపలను చూసి పైకి వచ్చిన సందర్శకుడు 'బాగుంది' అన్నంతకు మించి చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఈ లోటు ఆ దిబ్బ మనుగడను కూడా ప్రభావితం చేస్తుంది. తాను నిలబడినది రాయి అనుకున్నవాడు దానిమీద నిర్భయంగా కాలు మోపుతాడు. అది జీవి అనీ, తనకంటే వయసులో పెద్దదై ఉండవచ్చుననీ తెలిసినవాడు కాలు వెనక్కి తీసుకుంటాడు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి పోర్ట్ బ్లెయిర్ రేవు పరిసరాలు అనువైనవి. అక్కడ శిథిలనగరమూ, పగడపు దిబ్బా ఒకే రేవుముఖాన, పడవలో కొద్ది నిమిషాల ఎడంలో ఉన్నాయి.

2. స్థల పరిచయం:
పోర్ట్ బ్లెయిర్ లోని అబర్డీన్ జెట్టీ వద్ద గల జలక్రీడల ప్రాంగణం నుండి ఈ పడవలు బయలుదేరతాయి. రాస్ ద్వీపం రేవుముఖానికి తూర్పున ఉంది. విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కంటే తక్కువ. సముద్ర సర్వేక్షకుడు డేనియల్ రాస్ పేరు దీనికి పెట్టారు. 2018 డిసెంబరు 30న దీనిని నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపంగా మార్చారు. అయినా పడవవారి నోట, పర్యాటకుల నోట 'రాస్' అన్న పేరే ఇంకా వినిపిస్తుంది.

నార్త్ బేను చాలామంది 'నార్త్ బే ఐలాండ్' అని, 'కోరల్ ఐలాండ్' అని పిలుస్తారు. నిజానికి అది ద్వీపం కాదు, దక్షిణ అండమాన్ ప్రధాన భూభాగపు తీరంలోని ఒక చిన్న అఖాతం. పడవపైనే చేరుకోవడం వల్ల అది ద్వీపమన్న భ్రమ కలుగుతుంది. దాని వెనుక మౌంట్ హ్యారియట్ కొండ ఉంది. 1891 నాటి ఆంగ్లో–మణిపూర్ యుద్ధం తరువాత ప్రవాసశిక్ష అనుభవించిన మణిపూర్ వీరుల జ్ఞాపకార్థం 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. ఆ కొండ మీదనుండి కనిపించే నార్త్ బే దృశ్యమే మహాత్మాగాంధీ శ్రేణి పాత ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రితమైంది. కొబ్బరిచెట్ల నడుమ దీపస్తంభం కనిపించే ఆ బొమ్మ దేశంలో కోట్లాదిమంది చేతులు మారింది. దాని అడుగున ఉన్న దిబ్బ మాత్రం ఆ బొమ్మలో కనిపించదు.

3. నీటి పైన ఉన్న చరిత్ర:
ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో ఈ రేవులోని చాతమ్ ద్వీపం మీద తొలి ఆంగ్ల స్థావరాన్ని నెలకొల్పాడు. 1792లో దానిని ఉత్తర అండమాన్ కు తరలించారు. వ్యాధులు, మరణాల కారణంగా 1796లో పూర్తిగా ఎత్తివేశారు. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వానికి మళ్ళీ ఈ దీవులు గుర్తుకు వచ్చాయి. 1858 మార్చిలో జె. పి. వాకర్ రెండువందల మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. చాతమ్ లో మంచినీరు చాలకపోవడంతో స్థావరం రాస్ ద్వీపానికి మారింది. నాటినుండి 1941 దాకా, సుమారు ఎనిమిది దశాబ్దాలు, ఈ చిన్న దీవి మొత్తం అండమాన్ పాలనకు కేంద్రంగా ఉంది.

చీఫ్ కమిషనర్ భవనం, ప్రెస్బిటేరియన్ చర్చి, రొట్టెల బట్టీ, ముద్రణాలయం, నీటిశుద్ధి యంత్రాగారం, ఈతకొలను, టెన్నిస్ మైదానం, శ్మశానవాటిక ఇక్కడ ఉండేవి. 'తూర్పుదేశపు పారిస్' అన్న పొగడ్త ఈ దీవికి ఆ రోజుల్లో దక్కింది. అడవి నరికి, నేల చదును చేసి ఈ వైభవానికి తావు కల్పించినవారు సంకెళ్ళు వేసుకున్న ఖైదీలు. 1896–1906 మధ్య నిర్మించిన సెల్యులార్ జైలు ఎదుటి ఒడ్డున నిలిచి ఉంది. పాలకుల నృత్యశాల, ఖైదీల ఒంటరి గది ఒకదానికొకటి కనుచూపుమేరలో ఉండడం ఈ రేవు చరిత్రలోని క్రూరమైన వాస్తవం.

1941 జూన్ 26న సంభవించిన భూకంపం రాస్ ద్వీపాన్ని దెబ్బతీసింది. పాలనాకేంద్రం పోర్ట్ బ్లెయిర్ కు మారింది. 1942 మార్చి 23న జపాన్ సేనలు దీవులను ఆక్రమించాయి. ఆ కాలపు కాంక్రీటు బంకర్లు నేటికీ తీరాన కనిపిస్తాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్ లో జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. 1945లో బ్రిటిషువారు తిరిగివచ్చినా రాస్ పూర్వస్థితికి రాలేదు. మర్రిజాతి చెట్ల వేళ్ళు గోడలను చుట్టుకుని, కొన్నిచోట్ల గోడ కూలినా వేళ్ళే గోడ ఆకారంలో నిలిచాయి. 1979 నుండి దీవి నౌకాదళ సంరక్షణలో ఉంది.

ఈ శిథిలాలలో కనిపించని చరిత్ర మరొకటి ఉంది. ఖైదీలు రాకముందు ఈ రేవు పరిసరాలలో గ్రేట్ అండమానీయులు నివసించేవారు. తమ అడవిని నరికివేస్తున్నందుకు వారు 1859 మేలో అబర్డీన్ స్థావరంపై దాడిచేశారు. బాణాలు తుపాకుల ముందు నిలవలేదు. 1863లో వారిని 'నాగరికులను' చేసే పేరిట రాస్ ద్వీపం మీదే 'అండమాన్ హోమ్' ఏర్పాటైంది. స్థావరంతో ఏర్పడిన సంపర్కం వారికి కొత్త వ్యాధులను తెచ్చింది. 1877 నాటి తట్టు వ్యాధి వారిలో అనేకులను బలిగొంది. వేలల్లో ఉండిన ఆ జనం 1901 జనగణన నాటికి 625కు, 1961 నాటికి 19కి తగ్గిపోయారు. చర్చికి గోడలైనా మిగిలాయి, వీరికి రాస్ మీద ఆ మాత్రం ఆనవాలు కూడా మిగలలేదు.

4. తెలుగువారి సంబంధం:
అండమాన్ తెలుగువారికి పరాయి భూమి కాదు. 1922–24 నాటి మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి ఇక్కడి జైలు జీవితాన్ని అనుభవించారు. స్వాతంత్ర్యానంతరం శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల మత్స్యకార కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడ్డాయి. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. విశాఖ నుండి ప్రయాణికుల నౌక రెండు రోజులకు పైగా నడిచి ఈ రేవుకు చేరుతుంది.

ఆంధ్రతీరం ఇంత పొడవైనదైనా, దానివెంట పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మొదలైన నదులు మోసుకువచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి వాటికి అనుకూలించవు. దిబ్బలు కట్టే పగడాలకు వెచ్చని, తేటైన, వెలుతురు చొరబడే ఉప్పునీరు కావాలి. మనదేశంలో కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ–పాక్ అఖాతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు ప్రధాన పగడపు దిబ్బల ప్రాంతాలు. కనుక సముద్రాన్ని తరతరాలుగా ఎరిగిన తెలుగు మత్స్యకారునికి కూడా పగడపు దిబ్బ ఇంటి ముంగిట కనిపించేది కాదు.

5. 'పగడం' – ఒక మాట, రెండు వస్తువులు:
పై భౌగోళిక స్థితి తెలుగు పదసంపదపై ప్రభావం చూపింది. తెలుగులో 'పగడం', 'పవడం', సంస్కృతసమమైన 'ప్రవాళం' అన్న మాటలు ఉన్నాయి. ఇవి నవరత్నాలలో ఒకటైన ఎర్రని రత్నాన్ని సూచిస్తాయి. ఆ ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రపు లోతుల నుండి వచ్చిన వర్తకవస్తువు. గ్రీకు నావికుని గ్రంథమైన 'పెరిప్లస్' భారతదేశపు పశ్చిమతీర రేవులకు దిగుమతి అయిన సరుకులలో పగడాన్ని పేర్కొంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనంలో సుంకం చెల్లించవలసిన సరుకుల జాబితా ఉంది. కర్పూరం, చందనం, ముత్యాలు, దంతం, పన్నీరు, రాగి, సీసం మొదలైన వాటితోపాటు అందులో పగడం కూడా ఉంది. అంటే తెలుగువారికి పగడం తమ సముద్రంలో కనిపించిన జీవిగా కాక, ఓడలో దిగిన సరుకుగా, మెడలో పేరుగా పరిచయమైంది.

దిబ్బలు కట్టే పగడం వేరు. దాని రాతి అస్థిపంజరం తెలుపు. బతికి ఉన్నప్పుడు అది ఎక్కువగా గోధుమ, ఆకుపచ్చ, ఊదా ఛాయలలో ఉంటుంది. 'పగడాల దీవి' అన్న మాట విని ఎర్రని కాంతులను ఊహించుకుని నీటిలోకి దిగిన తెలుగు సందర్శకునికి గోధుమరంగు గడ్డలు 'రాళ్ళు'గా తోచడంలో వింత లేదు. ఇంకొక పొరపాటు ఇంతకంటే ప్రమాదకరమైనది. తెల్లగా మెరిసే పగడాన్ని చూసి అదే శుభ్రమైన, అందమైన పగడమని భావించేవారున్నారు. జీవమున్న దిబ్బపై ఆ తెలుపు ఆపదకు గుర్తు. ఆ కారణం తరువాతి విభాగంలో తెలుస్తుంది. పాఠ్యపుస్తకాలలో వాడుకలో ఉన్న 'పగడపు దిబ్బ', 'ప్రవాళభిత్తిక' అన్న మాటలు రత్నానికీ, దిబ్బకూ గల భేదాన్ని వివరించకపోతే ఈ భ్రమలు తొలగవు.

6. దిబ్బ – నిర్మాణం, జీవనం:
దిబ్బను కట్టేది పాలిప్ అనే అతిచిన్న జంతువు. మెత్తని శరీరం, నోటిచుట్టూ స్పర్శకాలు గల ఈ జీవి సముద్రజలం నుండి సున్నపు ద్రవ్యాన్ని గ్రహించి తన కింద గట్టి గిన్నెలాంటి ఆధారాన్ని నిర్మించుకుంటుంది. ఒక పాలిప్ నుండి మరొకటి పుడుతూ, వేలాది పాలిప్ లు కలిసి ఒక గడ్డగానో, కొమ్మలుగానో పెరుగుతాయి. బతికిన జీవపు పొర చాలా పలుచన, దాని కింద ఉన్నదంతా వెనుకటి తరాలు కట్టి విడిచిన సున్నపురాయి.

పాలిప్ కణజాలంలో సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగాన్ని పాలిప్ కు ఇస్తాయి. ప్రతిగా వాటికి ఆశ్రయం, పోషకాలు లభిస్తాయి. పగడానికి రంగు కూడా చాలావరకు వాటివల్లనే వస్తుంది. సముద్రజలం వేసవి గరిష్ఠాన్ని మించి ఒక డిగ్రీ సెల్సియస్ మేర వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ సహజీవనం చెదురుతుంది. పగడం శైవలాలను బయటకు నెట్టివేస్తుంది. అప్పుడు పారదర్శకమైన కణజాలం గుండా తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. దీనినే బ్లీచింగ్ అంటారు. తెల్లబారిన పగడం వెంటనే చనిపోదు, ఆకలితో ఉంటుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే మరణిస్తుంది, దానిపై నాచు పేరుకుంటుంది. అండమాన్ లో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇటువంటి విస్తృతమైన తెల్లబారడం సంభవించింది.

పెరుగుదల వేగం జాతినిబట్టి మారుతుంది. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్లు లేదా అంతకు మించి పెరగగలదు. బండలాగా గుండ్రంగా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. మీటరు ఎత్తున్న గడ్డ వయసు సుమారు వందేళ్ళు. రాస్ మీద దీపాలు వెలిగిన రోజులలో మొలకెత్తిన పగడం నేటికీ బతికి ఉండడం అసంభవం కాదు.

7. దిబ్బ ఒక చారిత్రక ఆధారం:
చెట్టు కాండంలో వలయాలు ఉన్నట్లే బండపగడం అస్థిపంజరంలో ఏటేటా పొరలు ఏర్పడతాయి. ముక్కను కోసి ఎక్స్ రే తీస్తే దట్టమైన, పలుచని పట్టీలు వరుసగా కనిపిస్తాయి. వాటి రసాయనిక పరీక్షతో ఆయా సంవత్సరాల సముద్ర ఉష్ణోగ్రతను అంచనా వేస్తారు. లిఖితపత్రాలు లేని కాలానికి ఇది వాతావరణ దస్తావేజు.

భూమి కదలికను కూడా పగడం నమోదు చేస్తుంది. పగడం ఆటు వేళ నీటి అత్యల్ప మట్టాన్ని మించి పైకి పెరగలేదు. పైభాగం గాలి తగిలి చనిపోగా, పక్కలకు మాత్రం పెరుగుతూ బల్లపరుపైన పళ్ళెం ఆకారం పొందుతుంది. భూమి పైకి లేస్తే అది ఎండలో బయటపడుతుంది, కిందికి కుంగితే మళ్ళీ పైకి పెరగడం మొదలుపెడుతుంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ తీరాలు కొన్ని మీటరుకు పైగా పైకి లేచి దిబ్బలు నీటిబయట పడ్డాయి. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. భూశాస్త్రజ్ఞులు ఆ ఎత్తుపల్లాలను కొలవడానికి ఈ పళ్ళెపు పగడాలను ఉపయోగించుకున్నారు. రాస్ గోడలలోని పగుళ్ళు భూకంపాన్ని ఎలా చెబుతాయో, పగడం అంచు కూడా అలాగే చెబుతుంది.

8. స్నార్కెలింగ్ – చూసే పద్ధతి:
స్నార్కెలింగ్ అన్న మాటకు మూలం జర్మన్ భాషలో ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాములు గాలి పీల్చుకోవడానికి వాడిన గొట్టానికి ఆ పేరు ఉండేది. కళ్ళకు అద్దపు తొడుగు, నోటిలో గాలిగొట్టం పెట్టుకుని నీటిమీద బోర్లా తేలుతూ అడుగును చూడడం దీని పద్ధతి. నార్త్ బేలో ఈత రానివారిని రక్షణ చొక్కా తొడిగించి, గాలివలయం పట్టించి, మార్గదర్శకుడు ముందుండి నడిపిస్తాడు. అద్దపు అడుగు గల పడవలో కూర్చుని చూసే సదుపాయం కూడా ఉంది.

ముప్పు ఎక్కువగా లోతు తక్కువైన చోటే వస్తుంది. శ్వాస తడబడిన క్షణాన మనిషి సహజంగా కాళ్ళు దించి నిలబడాలని చూస్తాడు. కాలికింద పడినది కొమ్మపగడమైతే విరుగుతుంది, బండపగడమైతే జీవపు పొర చిట్లుతుంది. కాళ్ళు బలంగా ఆడించినప్పుడు లేచిన ఇసుక పాలిప్ లను కప్పుతుంది. లంగరు దిబ్బపై పడితే ఒక్కసారిగా పెద్దభాగం నాశనమవుతుంది. చేపలకు రొట్టె, బిస్కట్లు వేయడం వాటి సహజాహారాన్ని చెడగొడుతుంది. ఆక్సిబెంజోన్ వంటి రసాయనాలున్న ఎండనివారణ లేపనాలు పగడాల లార్వాలకు హానికరమని ప్రయోగాలలో తేలిన తరువాత పలావ్ 2020లో, హవాయి 2021లో వాటిపై ఆంక్షలు విధించాయి.

దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో 2001 నుండి చేరి ఉన్నాయి. అంటే చట్టరీత్యా పులికున్నంత రక్షణ పగడానికి ఉంది. ఒడ్డున దొరికిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడం కూడా నేరమే. పులి మీద చేయి వేయనివాడు పగడం మీద నిలబడడానికి కారణం, మొదటిది ప్రాణి అని తెలియడం, రెండవది ప్రాణి అని తెలియకపోవడమే.

9. విరామం అనే నియమం:
పోర్ట్ బ్లెయిర్ కు సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోని వండూరు వద్ద 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానం ఏర్పడింది. అందులోని జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ఒక దీవి సందర్శకులను స్వీకరించే నెలల్లో రెండవది విశ్రాంతి తీసుకుంటుంది. ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉంది. నార్త్ బే ఆ ఉద్యానపు పరిధిలో లేదు. పట్టణానికి అతిచేరువలో ఉండడం, పిల్లలు వృద్ధులు కూడా సులభంగా చేరగలగడం వల్ల తాకిడి అక్కడే ఎక్కువ. బీడు పెట్టిన పొలం మళ్ళీ సారం పుంజుకుంటుందని రైతుకు తెలుసు. వేసవి వేడికి తెల్లబారిన దిబ్బకు ఆ కొద్ది నెలలైనా మనుషుల తాకిడి తగ్గించడం అదే కోవలోని వివేకం.

ఈ నియమానికి మరొక పక్షం ఉంది. పడవ నడిపేవారు, మార్గదర్శకులు, అద్దెకు పరికరాలిచ్చేవారు ఆ తీరం మీదనే బతుకుతున్నారు. దిబ్బ మూతపడితే ఆ నెలల కూలి పోతుంది. దిబ్బ చచ్చిపోతే కూలి శాశ్వతంగా పోతుంది. విరామ కాలపు నష్టాన్ని ఆ కుటుంబాలపై మాత్రమే మోపని ఏర్పాటు లేకుండా సంరక్షణ నిలవదు.

10. ముగింపు:
రాస్ ద్వీపంలో మనిషి కట్టినదాన్ని ప్రకృతి కూల్చింది, నార్త్ బేలో ప్రకృతి కట్టినదాన్ని మనిషి కూల్చే స్థితి ఏర్పడింది. మొదటిదాన్ని చరిత్ర అని గౌరవించి, రెండవదాన్ని వినోదమని వాడుకోవడం సరికాదు. గ్రేట్ అండమానీయులకు రాస్ మీద ఆనవాలు మిగలకపోవడానికి, వారిని నమోదు చేయదగిన చరిత్రగా ఎవరూ భావించకపోవడం ఒక కారణం. పగడపు దిబ్బ విషయంలో ఆ ఉపేక్ష పునరావృతం కాకుండా చూడవచ్చు. ఎందుకంటే దిబ్బ ఇంకా జీవించే ఉంది.

ఈ దిశగా భాషాసాహిత్య రంగం చేయగల పని కూడా ఉంది. రత్నపగడానికీ దిబ్బపగడానికీ గల భేదాన్ని నిఘంటువులలో, పాఠ్యపుస్తకాలలో స్పష్టపరచాలి. దీవులలో స్థిరపడిన తెలుగు మత్స్యకారుల నోట దిబ్బలకు, చేపలకు, ప్రవాహాలకు ఏ పేర్లు వాడుకలో ఉన్నాయో సేకరించాలి. అండమాన్ తెలుగును క్షేత్రపర్యటనతో పరిశీలించే పరిశోధకులకు ఇది అవకాశమున్న అంశం. జెట్టీ వద్ద, పడవలో, రక్షణ చొక్కా తొడిగే వేళ ప్రయాణికుని భాషలో చెప్పే రెండు నిమిషాల వివరణ, ఒడ్డున నాటిన హెచ్చరిక ఫలకం కంటే ఎక్కువ పనిచేస్తుంది. విశాఖ నుండి వెళ్ళిన కుటుంబానికి ఆ రెండు నిమిషాల మాట తెలుగులో అందితే, నీటిలో దిగినప్పుడు కాలు ఎక్కడ పెట్టకూడదో వారికి తెలుస్తుంది.